నేలమీద నగరాలు కట్టిన వెల్స్

హెచ్.జి.వెల్స్ అనగానే అందరికీ కాలయంత్రమూ, అంగారకుల దండయాత్రా గుర్తుకొస్తాయి. హాస్టలు గదుల్లో అర్ధరాత్రి దాకా కంప్యూటరు ముందు కూర్చుని రోడ్లు వేసి, కరెంటు లాగి, పన్నులు పెంచి నగరాలు నడిపే మిత్రులను చూస్తే నాకు మాత్రం పిల్లలతో నేలమీద ఆడుకున్న వెల్స్ గుర్తుకొస్తాడు.

ఆయన 1866లో ఇంగ్లండులోని బ్రోమ్లీలో పుట్టాడు. తండ్రిది పింగాణీ సామాన్ల కొట్టు. రాబడి అంతంత మాత్రం. ఏడేళ్ళప్పుడు కాలు విరిగి మంచం పట్టడంతో పుస్తకాల పిచ్చి పట్టుకుంది. బట్టల కొట్లో పనికి పెడితే అది బొత్తిగా గిట్టలేదు. చివరికి 1884లో స్కాలర్‌షిప్పు మీద లండను వెళ్ళి హక్స్లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. అక్కడ విద్యార్థుల పత్రిక పెట్టి, సంపాదకుడై, చర్చాసభల్లో తిరిగి, 1887లో భూగర్భశాస్త్రం పరీక్ష తప్పాడు. యూనియన్ మిత్రులు ఈ సంగతి ఇంట్లో చెప్పేటప్పుడు, 1890లో ఆయన బి.ఎస్‌సి. పట్టం పుచ్చుకున్నాడని కూడా కలిపి చెప్పాలి! కాలయంత్రం కథకు తొలి రూపం 1888లో వచ్చింది ఆ పత్రికలోనే.

పేరూ డబ్బూ వచ్చాక, 1911లో ‘ఫ్లోర్ గేమ్స్’ అని చిన్న పుస్తకం రాశాడు. కొడుకులు జిప్, ఫ్రాంక్‌లతో చెక్క ఇటుకలు, పలకలు, బొమ్మ రైళ్ళు పెట్టి దీవులూ నగరాలూ కట్టే ఆట అది. ఇద్దరికీ మేయరు పదవే కావాలి. అందుకని ఎప్పుడూ జంట నగరాలే కట్టేవారు. పట్టాలు మాత్రం ఉమ్మడి. ఒకడి రైలు రెండోవాడి ఊరంతా తిరిగి, బతిమాలుకోకుండానే తన స్టేషనుకు చేరాలని చట్టం చేసుకున్నారు. మన మునిసిపాలిటీలకు ఇంత తెలివి ఎక్కడిదీ? దుకాణాల్లో సిపాయి బొమ్మలే తప్ప మామూలు పౌరుల బొమ్మలు దొరకవని వెల్స్ ఫిర్యాదు. ఆ పౌరులు 1989లో విల్ రైట్ ‘సిమ్‌సిటీ’తో వచ్చారు. రైట్ కూడా అంతకుముందు ఓ బాంబుల ఆట తయారుచేస్తూ, ఊళ్ళు కూల్చడంకన్నా కట్టడమే సరదాగా వుందని గమనించినవాడే. ఆ సరదాలోని కిటుకు నాకు తోచినంతలో ఇది: ఎక్కడో ఒక పట్టా మారిస్తే ఇంకెక్కడో ఏమవుతుందో కళ్ళారా కనిపిస్తుంది. నిజమైన ఊళ్ళో మనకా భాగ్యం లేదు.

1913లో ‘లిటిల్ వార్స్’ రాశాడు. కాల్బలం ఎత్తుకు ఒక అడుగు, గుర్రం రెండడుగులు. స్ప్రింగు ఫిరంగితో బొమ్మలను పడగొట్టాలి. ఈ ఆట నాలుగుసార్లు ఆడినవాడికి అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందని ఆయన వాదం. మరుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చిపడింది.

రెండో యుద్ధంలో లండను మీద బాంబులు కురుస్తుంటే చాలామంది ఊరు విడిచారు. డెబ్బై దాటిన వెల్స్ కదల్లేదు. 1946 ఆగస్టు 13న ఆ ఇంట్లోనే పోయాడు.