పరదేశమున గాంధీజీ గాయములు మానిన పది దినములు

గాంధీజీ జీవితములో మారిట్జ్‌బర్గు రైలు కథ తెలియనివారు మన గ్రామములలో అరుదు. దండి యాత్ర, నౌఖాలి పాదయాత్ర, ఢిల్లీలో బిర్లా భవనమున జరిగిన తుది ఘట్టము బడిపిల్లలు సైతము చెప్పగలరు. కాని ముప్పది యెనిమిదేండ్ల ప్రాయమున, స్వదేశమునకు వేల మైళ్ల దూరమున, తనవారి చేతనే దెబ్బలు తిని, అన్యమతస్థుడైన ఒక తెల్లవాని యింట ఆయన మంచము పట్టిన పది దినముల కథ అంతగా ప్రచారములో లేదు. జీవితచరిత్రలు వ్రాసినవారిలో పలువురు దానిని నాలుగు వాక్యములలో దాటిపోయిరి. అది దాటిపోదగిన ఘట్టము కాదు.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించి, ఇంగ్లండులో న్యాయశాస్త్రము చదివి, 1893 మే నెలలో ఒక గుజరాతీ వర్తకుని వ్యాజ్యము నిమిత్తము దక్షిణాఫ్రికాలోని డర్బను రేవున దిగిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదిమూడేండ్లు. ఆ దేశమున మనవారు అంతకు ముప్పది యేండ్లకు పూర్వమే ఉండిరి. 1860లో మద్రాసు రేవునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ తొలి కూలీలను నేటాలు తీరమున దించినది. చెరకుతోటలలో ఒప్పందపు కూలికి పోయిన ఆ జనములో తమిళులతోపాటు తెలుగువారును కలరు. వర్తకులు తరువాత వెళ్లినవారు. కూలీ యైనను వర్తకు డైనను తెల్లవాని కంటికి ఒక్కటే. అందరికిని కూలీ అనియే పేరు. గాంధీజీని సైతము కూలీ బారిస్టరని పిలిచెడివారు.

ఆయన దెబ్బలు తినుట 1908లో మొదలు కాలేదు. 1896లో స్వదేశమునకు వచ్చి, నేటాలు భారతీయుల కష్టములను గూర్చి ప్రచారము చేసి, భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని తిరిగి పోవగా, అచ్చటి తెల్లవారు కోపోద్రిక్తులై ఓడను మూడు వారములకు పైగా రేవు వెలుపలనే నిలిపివేయించిరి. 1897 జనవరి 13వ తేదీన ఆయన ఒడ్డున దిగి నడచుచుండగా గుంపు చుట్టుముట్టి రాళ్లు, క్రుళ్లిన గ్రుడ్లు విసరి, కాళ్లతో తన్నెను. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండరు గారి భార్య దైవికముగా ఆ త్రోవను వచ్చి, తన గొడుగును అడ్డము పట్టి ఆయనను కాపాడినది. పార్సీ రుస్తుంజీ గారి యింట ఓడ వైద్యుడు దాదీబర్జోరు గారు చికిత్స చేసిరి. ఆ యింటనే కస్తూర్బాయి, బిడ్డలు ఉండిరి. గాయపడినవాడు కన్ను తెరువగా తనవారి ముఖము కనబడిన నొప్పి సగము తగ్గునందురు. పదునొకండేండ్ల తరువాత ఆ భాగ్యము లేకపోయినది.

ఈ రెండవ కథ జరిగినది నేటాలులో కాదు, బంగారు గనులు గల ట్రాన్సువాలు రాష్ట్రములో. అచ్చటి ప్రభుత్వము 1907లో ఒక చట్టము చేసి, ఆసియావాసులందరు తమ పేరు నమోదు చేయించుకొని, పది వ్రేళ్ల ముద్రలు వేసి, ఆ పత్రమును ఎల్లవేళల వెంట నుంచుకొనవలెనని శాసించెను. పోలీసువా డెప్పు డడిగినను చూపవలెను. మనవారు దానికి నల్లచట్టమని పేరు పెట్టిరి. పేరు నమోదు చేయించుకొనక జైలుకు పోవుటకు సిద్ధపడిరి. గాంధీజీకి 1908 జనవరి 10వ తేదీన రెండు నెలల శిక్ష పడినది. ఆయనతో జైలులో నున్నవారిలో తంబి నాయుడు ఒకడు. మారిషసు ద్వీపమున 1875లో పుట్టి, జోహాన్నెస్‌బర్గులో బండ్ల మీద సరకు చేరవేయు వృత్తి చేసికొనుచుండిన ఈ ధైర్యశాలి తమిళ సంఘమునకు నాయకుడైనను, ఆయన వంశనామము మన తెలుగు జాడను తెల్పుచునే యున్నది. జైలునుండి ప్రభుత్వమునకు పోయిన రాజీ లేఖపై గాంధీజీ సంతకముతోపాటు తంబి నాయుడి సంతకము, చీనావారి నాయకుడు లియుంగ్ క్విన్ సంతకము కలవు.

రాజీ యేమనగా, భారతీయులు తమంతట తాము స్వచ్ఛందముగా పేర్లు నమోదు చేయించుకొన్నచో ప్రభుత్వము నల్లచట్టమును రద్దు చేయును. జనవరి 30వ తేదీన జనరల్ స్మట్సును కలిసి గాంధీజీ ఈ మాటపై విడుదలై వచ్చి, ఆ రాత్రియే మసీదు ఆవరణలో సభ చేసి ప్రజలకు వివరించిరి. అచ్చట ఒక పఠాను లేచి నిలదీసెను. పది వ్రేళ్ల ముద్రలు నేరస్థులకు మాత్రమే అని మాకు చెప్పినది నీవే కదా, నేడు నీవే వేయుమనుచున్నావేమి అని అతని ప్రశ్న. స్మట్సు వద్ద లంచము పుచ్చుకొన్నావని నింద. మొదట ముద్ర వేయబోవువానిని చంపుదునని శపథము. నింద అన్యాయమే కాని ప్రశ్న అన్యాయము కాదు. అంతవరకు వలదన్న పనిని ఒక్క రాత్రిలో చేయుమనిన సామాన్యునకు మనస్సు కుదురుకొనుట కష్టమే. బలవంతముగా వేయించు ముద్ర వేరు, ఇష్టపూర్వకముగా వేయు ముద్ర వేరు అని గాంధీజీ నచ్చజెప్పజూచిరి. మొదటి ముద్ర తానే వేయుదునని ప్రకటించిరి. సోదరుని చేతిలో మరణము వచ్చినను తనకు దుఃఖము లేదనిరి.

1908 ఫిబ్రవరి 10వ తేదీ, సోమవారము ప్రొద్దున గాంధీజీ తన కచేరీనుండి బయలుదేరిరి. నమోదు కార్యాలయము కొలది నిమిషముల నడక. వెంట తంబి నాయుడు, సంఘాధ్యక్షుడు ఈసప్ మియా ఉండిరి. కచేరీ వెలుపల మీర్ ఆలం అను పఠాను నిలిచియుండెను. ఆరడుగుల మనిషి. గడ్డితో, కొబ్బరిపీచుతో పరుపులు కుట్టించి అమ్ముకొనువాడు. గాంధీజీకి పాత కక్షిదారుడే. నాడు మాత్రము ఎన్నడును లేని విధముగ ఎడముగా నిలిచెను. గాంధీజీయే ముందుగా సలాము చేసిరి. కొంత దూరము పోయిన పిదప మీర్ ఆలం దగ్గరకు వచ్చి ఎచ్చటికి పోవుచున్నారని అడిగెను. పది వ్రేళ్ల ముద్రలు వేసి పత్రము తీసికొనబోవుచున్నామని, నీవు వచ్చినచో నీకు బొటనవ్రేళ్ల ముద్రలతోనే పత్రము ఇప్పింతునని గాంధీజీ చెప్పుచుండగనే వెనుకనుండి తలపై దుడ్డుకర్ర దెబ్బ పడినది. రామనామముతో ఆయన స్పృహ తప్పి నేల కూలిరి. కూలినవానిని కర్రలతో కొట్టుట, కాళ్లతో తన్నుట జరిగినది. అడ్డుపడిన తంబి నాయుడు, ఈసప్ మియాలకు కూడ దెబ్బలు తగిలినవి. దారిన పోవు తెల్లవారు గుమిగూడగా పఠానులు పరుగెత్తిరి. పోలీసులు పట్టుకొనిరి.

దగ్గరనున్న గిబ్సను అను దొర కార్యాలయములోనికి గాయపడినవానిని చేర్చిరి. వార్త విని అచ్చటికి వచ్చినవాడు జోసెఫ్ డోక్ అను పాదిరీ. ఇంగ్లండులో 1861లో జన్మించి, బాప్టిస్టు సంఘమునకు బోధకుడై, అప్పటికి కొలది నెలల క్రిందటనే జోహాన్నెస్‌బర్గు వచ్చినవాడు. గాంధీజీతో పరిచయమై రెండు మాసములు మాత్రమే. ఆసుపత్రికి పోదురా, మా యింటికి వత్తురా అని ఆయన అడిగిరి. గాంధీజీ డోక్ గారి యింటికే పోవ నిశ్చయించిరి. ఆ యింటి కుమారుని గదిలో మంచము సిద్ధమైనది.

కస్తూర్బాయి ఆ సమయమున డర్బను దగ్గర ఫీనిక్సు ఆశ్రమములో నుండిరి. వందల మైళ్ల దూరము. రైలెక్కి వచ్చినను మరునాటికి గాని చేరుట లేదు. పోరుబందరు మాట చెప్పనే అక్కరలేదు. పటాన్‌చెరు, రామచంద్రాపురము ప్రాంతములందు కర్మాగారములు వెలసిన పిదప బీహారునుండి, ఒడిశానుండి ఒంటరిగా వచ్చి అద్దె గదులలో బ్రదుకు కార్మికులను ఈ గ్రామమువారు ఎరుగుదురు. అట్టివానికి దెబ్బ తగిలినపుడు గంజి కాచి యిచ్చు ప్రక్కగదివాడే తల్లి, తండ్రి. బారిస్టరైనను గాంధీజీకి ఆ దినమున అట్టి స్థితియే.

థ్వేట్సు అను వైద్యుడు వచ్చి పరీక్షించెను. చెంప, పెదవి చీలియుండెను. ప్రక్కటెముకల నొప్పి వలన ఊపిరి తీయుట కష్టముగ నుండెను. గాయములకు కుట్లు వేయునపుడు గాంధీజీ క్లోరోఫారము వలదనిరి. కుట్లు ఊడువరకు మాటలాడరాదని, ద్రవాహారమే తీసికొనవలెనని వైద్యుని ఆజ్ఞ. మాట లేదు గనుక కాగితముపై వ్రాసి చూపుటయే.

నోరు కదలింపలేని ఆ దినముననే ఆయన మూడు పనులు చేసిరి. మొదటిది, తన్ను కొట్టినవారిపై కేసు నడుపవలదని, వారు తాము సరి యనుకొన్నదే చేసిరని ప్రభుత్వ న్యాయాధికారికి తంతి పంపుట. రెండవది, వ్రేలిముద్రలు. నమోదు అధికారి చామ్నీ అచ్చటికి రాగా, మొదటి ముద్ర తానే వేయుదునని తానిచ్చిన మాట ఆయనకు గుర్తుచేసి, కాగితములు తెప్పించి, నొప్పితోనే పది వ్రేళ్లు అద్దిరి. ఈ చామ్నీ భారతీయుల కెన్నడును మిత్రుడు కాడు. గాంధీజీయే ఆయనను గట్టిగా విమర్శించియుండిరి. ఆ చామ్నీ కన్నులలో నాడు నీరు నిండినది.

మూడవది ప్రజలకు చిన్న లేఖ. ఈ మూడింటిలో దీనికే ప్రథమస్థాన మీయవలెను. కొట్టినది ముసల్మానులు, దెబ్బ తిన్నది హిందువు. ఈ వార్త వీధులలో ఏ రూపమున పాకునో ఊహింపవచ్చును. అంతవరకు ఒక్కటిగా నిలిచి జైళ్లు నింపిన జనము రెండుగా చీలియున్నచో స్మట్సు ప్రభుత్వమునకు వేరు శ్రమ యుండెడిది కాదు. హిందువులు ముసల్మానులపై కోపము పూనరాదని, చిందిన నెత్తురు ఇరువురిని మరింత గట్టిగా కలుపవలెనని గాంధీజీ వ్రాయించిరి. ఈసప్ మియా ముసల్మానై యుండియు గాంధీజీ ప్రక్కననే దెబ్బలు తినెనను సంగతియు ఆ దినములలో ఊరటయైనది.

తంతి వలన పఠానులు విడుదలైరి. కాని నగరములోని తెల్లవారు, బహిరంగముగా వీధిలో జరిగిన దౌర్జన్యమును బాధితుడు క్షమించినంత మాత్రమున వదలరాదని పట్టుబట్టగా వారిని మరల పట్టుకొని మూడు నెలల కఠినశిక్ష వేసిరి.

ఇక డోక్ గారి యిల్లు. భార్య, బిడ్డలు అందరును సేవకు పూనుకొనిరి. రాత్రులయందు డోక్ గారు నిద్ర మాని రోగిని కనిపెట్టి యుండెడివారు. ప్రొద్దుటినుండి భారతీయులు తండోపతండములుగా వచ్చిరి. ధనిక వర్తకులు వచ్చిరి, గంపలతో దుమ్ము కాళ్లతో చిల్లర వ్యాపారులు వచ్చిరి. దొరల యింటి ముంగిలి ఎన్నడు త్రొక్కని ఆ కాళ్లను ఆ కుటుంబము విసుగు లేక లోనికి ఆహ్వానించినది. డోక్ గారి జీవనము తెల్లవారి సంఘముపై ఆధారపడినదను సంగతి మరువరాదు. భారతీయులను ఇట్లు ఆదరించుట సంఘములో కొందరికి గిట్టదని తెలిసియే ఆయన వెనుదీయలేదు. గ్రంథములకు ఎక్కిన పేరు డోక్ గారిది. గృహభారము మోసిన శ్రీమతి డోక్ గారి పేరు అంతగా ఎక్కకపోవుట లోకరీతి.

ఒకనాడు గాంధీజీ సైగచేసి, డోక్ గారి చిన్నారి కుమార్తె ఆలివ్ చేత లీడ్ కైండ్లీ లైట్ అను క్రైస్తవ గీతమును పాడింపుమని కోరిరి. రోగికి అలసట కలుగకుండ ఆ బాలిక తలుపువద్దనే నిలిచి మెల్లగా పాడినది. ఆ పాట ఆయనకు జీవితాంతము ప్రియమైనదయ్యెను.

వైద్యమునందును గాంధీజీ తన పట్టు విడువలేదు. మట్టిచికిత్సపై ఆయనకు మొదటినుండియు నమ్మకము. మన పల్లెలలో దెబ్బలకు పట్టు వేయుట ఎరిగినవారికి ఇది వింతగా తోపదు గాని, చదువుకొన్న వైద్యునికి రుచించునా? ఆయనకు సమ్మతము కాకున్నను గాంధీజీ మట్టిపట్టీలు వేయించుకొనిరి. మానని గాయముపై మట్టి వేయుట నేటి వైద్యులు కూడ సమ్మతింపరు గనుక పాఠకులు దీనిని అనుసరింపకుండుట మేలు. ఏమైనను గాయములు మానినవి. పది దినముల పిదప ఆయన తన మిత్రుడు పోలక్ యింటికి మారిరి.

మార్చి నెలలో డర్బను వెళ్లి, రాజీని గూర్చి వివరించుటకు సభ పెట్టగా, అచ్చటను ఒక పఠాను కర్రతో వేదిక మీదికి ఉరికెను. దీపము లార్పిరి. మిత్రులు చుట్టును నిలిచి ఆయనను కాపాడిరి. అటుపిమ్మట గాని ఆయన ఫీనిక్సు చేరి కస్తూర్బాయిని, బిడ్డలను చూడలేదు.

ఇంత నెత్తురు చిందించిన రాజీ నిలిచెనా యనిన, నిలువలేదు. స్మట్సు చట్టమును రద్దుచేయలేదు. అప్పుడు 1908 ఆగస్టు 16వ తేదీన జోహాన్నెస్‌బర్గులోని హమీదియా మసీదు ఆవరణలో పెద్ద సభ జరిగినది. ఒక పెద్ద యినుప కడాయిలో రెండు వేలకు పైగా నమోదు పత్రములు వేసి, కిరసనాయిలు పోసి నిప్పంటించిరి. ఏ పత్రమునకై గాంధీజీ మొదట ముద్ర వేసి దెబ్బలు తినిరో ఆ పత్రములే కాలిపోయినవి. ఆ సభకు శిక్ష ముగించుకొన్న మీర్ ఆలం వచ్చెను. తాను కొట్టుట తప్పని అందరియెదుట ఒప్పుకొని తన పాత పత్రమును మంటకు ఇచ్చెను. గాంధీజీ ఆతని చేయి పట్టుకొని, తన మనస్సులో ఎన్నడును కోపము లేదని చెప్పిరి.

తంబి నాయుడు ఆ తరువాతను పలుమారులు జైలుకు పోయి, 1913 నాటి గని కార్మికుల సమ్మెలో ముందు నిలిచి, 1933లో మరణించెను. డోక్ గారు తన యింటి రోగిని గూర్చి ఒక గ్రంథము వ్రాసిరి. 1909లో లండనులో వెలువడిన ఆ గ్రంథమే గాంధీజీ జీవితచరిత్రలలో మొట్టమొదటిది. గాంధీజీ దాని ప్రతిని రష్యాలోని టాల్‌స్టాయి మహాశయునకు పంపిరి. నాలుగేండ్ల తరువాత డోక్ గారు మతప్రచార యాత్రపై రొడీషియాకు పోయి, తన యింటికి దూరమున జ్వరముపాలై, 1913 ఆగస్టు 15వ తేదీన కన్ను మూసిరి.