ఫిరంగుల నడుమకు బండి తోలించిన వైద్యుడు

రాయచోటి: గువ్వలచెరువు ఘాటులో బస్సు బోల్తా పడిందంటే చుట్టుపక్కల వారికి మొదట గుర్తుకు వచ్చేది 108 బండి. పెద్దాసుపత్రి చేరేదాకా దెబ్బ తిన్నవారి ప్రాణం నిలపడం ఆ బండి పని. వైద్యమే రోగి ఉన్న చోటికి పోవాలన్న ఈ పద్ధతికి రెండు వందల ఏండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. దానికి పునాది వేసినవాడు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు డొమినిక్ జీన్ లారే.

లారే 1766లో పిరనీస్ కొండల్లోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టి సంసారం ఈడ్చేవాడు. పదమూడో ఏట తండ్రి చనిపోగా, తులూజ్ పట్టణంలో పేరున్న వైద్యుడైన తండ్రి సోదరుడు చేరదీసి శస్త్రవైద్యం నేర్పించాడు.

1792లో లారే సైన్యంలో వైద్యుడుగా రైన్ నది సరిహద్దుకు వెళ్లాడు. అప్పటి నియమం ప్రకారం వైద్యుల బండ్లు పోరు జరిగే చోటికి మూడు మైళ్ల అవతల ఆగి ఉండాలి. యుద్ధం ముగిశాకే క్షతగాత్రులను ఏరుకుని రావాలి. ఈలోగా ఒక పగలూ రాత్రీ గడిచిపోయేవి. నెత్తురు కారి కారి ఎందరో పడిన చోటనే ప్రాణాలు విడిచేవారు.

గుర్రాలు ఫిరంగులను లాక్కుని చూస్తుండగానే చోటు మారడం లారే గమనించాడు. అంత బరువును అంత వేగంగా తోలగలిగినప్పుడు గాయపడిన మనిషిని కూడా తేగలమని పై అధికారులను ఒప్పించాడు. కుదుపు తగ్గించే స్ప్రింగులు, లోపల మెత్తని పరుపు, గాలికి కిటికీలు అమర్చి తేలిక బండ్లు చేయించాడు. రెండు చక్రాల బండిలో ఇద్దరు పడుకోవచ్చు, నాలుగు చక్రాల బండిలో నలుగురు. వీటికి ఎగిరే అంబులెన్సులని పేరు వచ్చింది.

ఇటలీ దండయాత్ర నాటికి, 1797లో, ఈ ఏర్పాటు పెద్ద దళమైంది. బండ్లతో పాటు వైద్యులు, వారి సహాయకులు, కట్లు కట్టే సామాను అన్నీ యుద్ధరంగంలోకే వెళ్లేవి. నెత్తురు అక్కడే ఆపేవారు, కట్టు అక్కడే కట్టేవారు. 1798లో నెపోలియన్ ఈజిప్టు మీదికి పోయినప్పుడు ఇసుకలో చక్రాలు నడవలేదు. లారే ఒంటెలకు రెండు పక్కలా పెట్టెలు కట్టించి క్షతగాత్రులను పడుకోబెట్టి తరలించాడు.

ఆయన పెట్టిన నియమం మరొకటి ఉన్నది. ఎవరి గాయం ప్రమాదకరమో వారికే ముందు వైద్యం. సేనాని అయినా, సామాన్య సిపాయి అయినా, శత్రువు అయినా ఇదే వరుస. మన సీమలో మన్రో దొర కలెక్టరుగా భూములు కొలిపిస్తున్న కాలంలో, 1807లో, లారే ఐలావ్ మంచులో ఈ నియమంతోనే పనిచేశాడు. మత్తుమందు లేని ఆ రోజుల్లో, 1812లో బోరోడినో యుద్ధంలో ఒక్క రోజులో రెండు వందల మందికి చెడిన కాళ్లు చేతులు తీసివేసి బ్రతికించే ప్రయత్నం చేశాడు. అదే ఏడు రష్యా నుండి తిరోగమనంలో బెరెజీనా వంతెన మీద తొక్కిసలాట జరిగితే, సిపాయిలు ఆయనను తమ తలల మీదుగా చేతులు మార్చి ఒడ్డు దాటించారు.

వాటర్లూ యుద్ధంలో, 1815లో, ప్రష్యా సేనకు చిక్కాడు. కాల్చివేయబోతుండగా పూర్వం ఆయన పాఠాలు విన్న ఒక వైద్యుడు గుర్తుపట్టాడు. మునుపొక యుద్ధంలో గాయపడి పట్టుబడిన ప్రష్యా సేనాని బ్లూషర్ కుమారుని బ్రతికించినది లారేయే. ఆ సేనానే ఆయనను గౌరవంగా విడిచిపెట్టాడు. నెపోలియన్ తన వీలునామాలో లారేకు లక్ష ఫ్రాంకులు రాశాడు. 1842 జూలైలో లారే కన్నుమూశాడు.

ఫ్రాన్సులో నేటికీ ప్రాణాపాయమైన కేసులకు అంబులెన్సులో డాక్టరే బయలుదేరుతాడు. మన రాష్ట్రంలో 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇందులో శిక్షణ పొందిన టెక్నీషియన్ వస్తాడు. అవసరమైతే కేంద్రంలోని డాక్టరు ఫోనులో సలహా చెబుతాడు. పద్ధతి వేరైనా సూత్రం ఒకటే. దెబ్బ తగిలిన చోటనే వైద్యం మొదలు కావాలి, ఎక్కువ ఆపదలో ఉన్నవాడే ముందు బండి ఎక్కాలి. ఘాటు మలుపులో ఆ బండి కూత విని పక్కకు తప్పుకునే డ్రైవరు కూడా ఈ వైద్యంలో పాలుపంచుకున్నట్లే.