గన్నవరం సభ్యుడు సుందరయ్యగారు

పుచ్చలపల్లి సుందరయ్యగారి పేరు చెప్పగానే మన జిల్లాలో పెద్దవాళ్ళకు మొదట గుర్తొచ్చేది సైకిలు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన మనిషి, హైదరాబాదులో అసెంబ్లీకీ సైకిలు మీదే వెళ్ళిన మనిషి అని చెప్పుకుంటారు. నిజమే. ఆ నిరాడంబరత గొప్పదే. కానీ సైకిలు కథ చెప్పి ఊరుకుంటే, ఆ సైకిలు దిగి సభలోకి వెళ్ళాక ఆయన ఏం చేసేవారన్నది మరుగున పడిపోతుంది. విద్యార్థి సోదరులకు, సోదరీమణులకు ఆ రెండో సంగతే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

ఆయన పుట్టింది మన జిల్లాలో కాదు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913 మే 1న ఒక భూస్వామి కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పేరు చివరి కులసూచకాన్ని ఆయనే తీసేసుకున్నారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ, 1930లో చదువు కట్టిపెట్టి సత్యాగ్రహంలోకి దూకారు. పదిహేడేళ్ళకే జైలు. తర్వాత అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు. 1943లో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. ఉద్యమానికి అడ్డు కాకూడదని పిల్లలు వద్దనుకున్నారు. తన వాటా ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. ఇవన్నీ చాలామందికి తెలిసిన విషయాలే గనుక త్వరగా దాటేస్తున్నాను. తెలంగాణా సాయుధ పోరాట నాయకత్వంలో ఆయన పాత్ర గురించి 1972లో ఆయనే పెద్ద గ్రంథం రాశారు. ఆసక్తి వున్నవాళ్ళు చదువుకోవచ్చు.

మనం ఆగి చూడవలసింది 1952 దగ్గర. 1948 నుంచి ఏళ్ళ తరబడి అజ్ఞాతవాసంలో గడిపిన మనిషి, పోలీసులు వెతికిన మనిషి, ఆ ఏడు రాజ్యసభలో మద్రాసు రాష్ట్రం తరఫున సభ్యుడిగా కూర్చున్నారు. అక్కడ కమ్యూనిస్టు వర్గానికి నాయకుడాయన. అదే ఎన్నికల్లో బందరు నుంచి సనకా బుచ్చికోటయ్యగారు, గుడివాడ నుంచి కడియాల గోపాలరావుగారు కమ్యూనిస్టులుగా లోక్‌సభకు వెళ్ళారు. నిన్నటిదాకా తుపాకీ పట్టిన ఉద్యమం, ఇవాళ నోటీసు కాగితం పట్టుకుంది. ఈ సభల మీద పూర్తి నమ్మకం వుండి ఆయన అక్కడికి వెళ్ళలేదు. అయినా వెళ్ళినన్నాళ్ళూ అక్కడి పనిని చిన్నచూపు చూడలేదు. ఇదే ఆయన జీవితంలో నాకు ఆశ్చర్యం కలిగించే విషయం. నమ్మకం వున్నవాళ్ళు బద్ధకంగా చేసే పనిని, అనుమానంతో వెళ్ళిన మనిషి శ్రద్ధగా చేశారు.

ప్రశ్న అడిగే హక్కు మనకు ఊరికే వచ్చింది కాదు. 1892 చట్టంతో మొదటిసారి శాసనమండలి సభ్యులు ప్రభుత్వాన్ని ప్రశ్న అడగవచ్చన్నారు. జవాబు విని కూర్చోవలసిందే, దాని మీద చర్చ లేదు. 1909లో ప్రశ్న వేసిన సభ్యుడు ఒక్కడికి మాత్రం అనుబంధ ప్రశ్న వేసే వీలిచ్చారు. 1919 సంస్కరణల తర్వాతే సభ్యులందరికీ ఆ వీలు వచ్చింది. ఒక్కొక్క మెట్టుకూ పదేళ్ళు, పదిహేనేళ్ళు పట్టింది. స్వతంత్రం వచ్చాక అదంతా రోజువారీ వ్యవహారమైపోయింది గనుక దాని విలువ మనకు తెలియడంలేదు కాబోలు.

ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తు వేసిన ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు పడతాయి. గుర్తు లేనిదానికి రాతమూలకంగా జవాబు ఇస్తారు. పేపర్లకు మొదటి రకమే ఇష్టం, ఎందుకంటే అక్కడ గలాభా వుంటుంది. రెండోదాంట్లో గలాభా వుండదు. కానీ ఊళ్ళవారీ లెక్కలు, తాలూకాలవారీ పట్టికలు వచ్చేది దాంట్లోనే. ప్రశ్నలో వాదన వుండకూడదు, వ్యంగ్యం వుండకూడదు, ఆరోపణ వుండకూడదు. అడిగేది సూటిగా, ఒక్క విషయం మీద వుండాలి. ఉపన్యాసం ఇచ్చేవాడికి ఇది సంకెల. విషయం తెలిసినవాడికి మాత్రం ఇంతకన్నా పదునైన పనిముట్టు లేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. మన కృష్ణా తూర్పు డెల్టాలో కాలువ నీళ్ళు పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలోకి దిగుతాయి. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయ్యాక కూడా శివారు భూముల గొడవ తీరలేదు. పైవాళ్ళు తడుపుకున్నాక మిగిలితే కిందివాళ్ళకు. నాగాయలంక, కోడూరు వైపు రైతుకు ఒక పక్క కాలువలో నీళ్ళు రావు, మరో పక్క సముద్రపు ఉప్పు వస్తుంది. దివిసీమను ఎందుకు నిర్లక్ష్యం చేస్తున్నారని ఒక సభ్యుడు అడిగితే, నిర్లక్ష్యం లేదండీ అని మంత్రి ఒక్క మాటలో తేల్చేస్తారు. ఫలానా కాలువ కింద ఆయకట్టు ఎన్ని ఎకరాలు, ఈ ఏడు నీరందింది ఎన్ని ఎకరాలకు, శివారుకు నీళ్ళు చేరింది ఏ తేదీన, పూడిక తీతకు మంజూరైన సొమ్మెంత, ఖర్చయిందెంత అని అడిగితే సంగతి వేరు. ఆ కాగితం సెక్రటేరియట్ నుంచి కలెక్టరుకు, అక్కడినుంచి అవనిగడ్డ తాలూకా ఆఫీసుకు, ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసుకు దిగేది. చివరకు ఆ రోజుల్లో కరణంగారి దస్త్రం దాకా వెళ్ళేది. ఎవరో ఒకరు లెక్క రాయాలి, దాని కింద సంతకం పెట్టాలి. ఏళ్ళ తరబడి రైతు పెట్టుకున్న అర్జీ కదిలించలేని ఫైలును ఒక్క ప్రశ్న కదిలిస్తుంది. జవాబు తప్పయితే ఆ తప్పు సభ రికార్డులో శాశ్వతంగా వుంటుంది. మరుసటి సమావేశంలో దాన్నే చూపించి అడగవచ్చు.

సుందరయ్యగారి బలమంతా ఇక్కడే. బడ్జెటు పుస్తకాలు, జనాభా లెక్కలు, ప్రాజెక్టుల నివేదికలు కూర్చుని చదివి, అంకెలతో మాట్లాడటం ఆయన పద్ధతి. ప్రత్యర్థులు కూడా దీన్ని ఒప్పుకునేవారు. లెక్కల మీద ఆయనకు ఎంత పట్టుదలంటే, 1974లో గుంటూరు జిల్లా అనంతవరం వంటి గ్రామాల్లో భూమి ఎవరి చేతిలో ఎంత వుందో ఇంటింటి సర్వే జరిపించి, ఆ ఫలితాలు ప్రచురించారు. అప్పటికి ఆయన అఖిలభారత పార్టీకి ప్రధాన కార్యదర్శి. ఆ స్థాయి నాయకులు ఎంతమంది ఇలాంటి పని నెత్తిన వేసుకుంటారు?

1955లో ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారని కొందరు ఆశపడ్డారు, కొందరు భయపడ్డారు. తీరా చూస్తే 196 స్థానాల్లో పార్టీకి దక్కినవి 15. కృష్ణాజిల్లాలో కోటలనుకున్నవి కూలిపోయాయి. సుందరయ్యగారు మాత్రం గన్నవరంలో గెలిచారు. అలా గుడివాడకు ఎగువనున్న ఆ నియోజకవర్గం పేరు ఆయన పేరుతో ముడిపడిపోయింది.

పదిహేనుమంది ఏం చేయగలరు? ఏ బిల్లునూ ఆపలేరు. ఓటింగు మొదలుకాక ముందే ఓడిపోయి వుంటారు. అయితే ప్రశ్న వేయటానికి మెజారిటీ అక్కర్లేదు. ఒక్క సభ్యుడు చాలు, ఒక్క సంతకం చాలు. ఓడిపోయిన పార్టీకి మిగిలిన ఈ ఒక్క ఆయుధాన్ని ఎలా వాడాలో ఆ సభలో తెలిసినవారు ఆయన. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సభాపతి స్థానంలో అయ్యదేవర కాళేశ్వరరావుగారు వున్నారు. ఆయన మన బందరు నోబుల్ కాలేజీలో చదువుకున్నవారు, స్వాతంత్ర్య సమరయోధులు. సభాపతీ, ప్రశ్నించే సభ్యుడూ ఇద్దరూ బ్రిటిషువాళ్ళ జైళ్ళు చూసినవాళ్ళే కావడం ఆనాటి సభల అదృష్టం.

1962లో గన్నవరం ప్రజలు మళ్ళీ ఆయన్నే పంపారు. ఈసారి 300 స్థానాల సభలో పార్టీకి 51 వచ్చాయి. కానీ 1964లో పార్టీ చీలింది. ఆయన మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ ఏడాది చివర్లోనే విచారణ లేకుండా నిర్బంధించి 1966 దాకా జైల్లో వుంచారు. ఎన్నికైన సభ్యుడు జైల్లో వుంటే గన్నవరం వాళ్ళ తరఫున సభలో లేచి అడిగేదెవరు? ప్రశ్నల నియమావళి ఎంత బాగున్నా, నిర్బంధ చట్టం ఒకటి పక్కన వుంటే అది ఎంత బలహీనమో ఇక్కడ తెలుస్తుంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆయన రాజకీయాలన్నిటితోనూ నేను ఏకీభవించను. తెలంగాణా పోరాటాన్ని 1948 తర్వాత కొనసాగించడం సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అలాగే, ప్రశ్నలు వేసినంతమాత్రాన పనులు జరిగిపోతాయని అనుకోనక్కర్లేదు. సమాచారం సేకరిస్తున్నామన్న జవాబుతో ఏళ్ళు దొర్లించిన మంత్రులూ వున్నారు. అయితే ఆ జవాబు కూడా అచ్చయి వుంటుంది. ఏ మంత్రి, ఏ తేదీన, ఏది చెప్పకుండా దాటేశాడో ఎవరైనా చూడవచ్చు.

పార్టీ విధానంతో విభేదించి 1975లో ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా లేఖ రాసిన సుందరయ్యగారు తర్వాత రాష్ట్రానికి తిరిగి వచ్చారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మందికి పైగా చనిపోయారు. మూడు నెలలకే, 1978 ఫిబ్రవరిలో, అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. గన్నవరం నుంచి మూడోసారి గెలిచి ఆయన సభకు వెళ్ళారు. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు నిండాయి. 294 మంది వున్న సభలో ఆయన పార్టీ వాళ్ళు ఎనిమిదిమంది. మళ్ళీ అదే పరిస్థితి. ఇళ్ళు ఎన్ని కట్టారు, కరకట్ట ఎంత దూరం వేశారు, తుఫాను షెల్టర్లు ఎక్కడెక్కడ, వచ్చిన విరాళం ఎంత, ఖర్చు ఎంత అన్నవి ఉప్పెన తర్వాత దివిసీమ మనిషి మనసులో వున్న ప్రశ్నలు. వాటికి లెక్కతో జవాబు రావలసిన చోటు ఆ సభే.

1983 జనవరి ఎన్నికలతో ఆ సభ కాలం ముగిసింది. సభ రద్దయితే జవాబు రాని ప్రశ్నలు కూడా వాటంతటవే రద్దవుతాయి, కొత్తగా ఎన్నికైనవాళ్ళు మళ్ళీ నోటీసు ఇచ్చుకోవాలి. సుందరయ్యగారు ఆ తర్వాత రెండేళ్ళే జీవించారు. 1985 మే 19న మద్రాసులో కన్నుమూశారు. ఆయన పేరు మీద హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో విజ్ఞాన కేంద్రం వెలిసింది. అక్కడి గ్రంథాలయంలో ఆయన పుస్తకాలు వున్నాయి.