చక్రాల కుర్చీలో కూర్చుని సర్జరీ చేసిన డాక్టర్: మేరీ వర్గీస్

ఈ సంచికకు ఒకరి జీవితం గురించి రాస్తానని పేరు చెప్పగానే, ఇంజనీరింగ్ కాలేజీ పత్రికలో డాక్టర్ ఎందుకని క్లబ్బులో అడిగారు. కారణం మా వైపు ఊర్లే. మాది వనపర్తి దగ్గర పల్లె. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కల్లు గీసే ఇండ్లల్లో ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. తాటిచెట్టు మీద మోకు జారితే మనిషి బతికినా నడుము పోతుంది. దానికి తోడు కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి, దాని మీద యాక్సిడెంట్లు.

వెన్ను దెబ్బతిన్నవాళ్లను గద్వాల వైపు నుంచి కర్నూలుకో, మిగతా వైపుల నుంచి హైదరాబాద్‌కో తీసుకుపోతారు. ఆపరేషన్ అవుతుంది, డిశ్చార్జి రాస్తారు, ఆటోలో ఇంటికి తెస్తారు. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. కాళ్లు కదలవు, మూత్రం మీద అదుపు ఉండదు, పడుకున్న చోట పుండ్లు పడతాయి. అక్కడి నుంచి ఏం చేయాలి? ఈ ప్రశ్నకు మన దేశంలో ఒక విభాగం కట్టి జవాబు చెప్పిన మనిషి మేరీ వర్గీస్.

ఆమె 1925 మే 26న కొచ్చిలో పుట్టారు. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో చేరారు. వెల్లూరు తమిళనాడులో ఉన్నా మన చిత్తూరుకు పక్కనే. ఇప్పటికీ తెలుగువాళ్లు పెద్ద జబ్బు అంటే అక్కడికి రైలెక్కుతారు. చదువు పూర్తయ్యాక ఆమె స్త్రీల వైద్యంలో స్థిరపడాలనుకున్నారు.

1954 జనవరిలో కొందరు యువ డాక్టర్లతో కలిసి ఆమె విహారానికి వెళ్తుండగా వాహనం బోల్తా పడింది. ముఖానికి పెద్ద గాయమైంది. వెన్నుపాము దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. అప్పటికి ఆమెకు ఇంకా 29 ఏళ్లు నిండలేదు.

ఇక్కడ కొంచెం సైన్స్ చెప్పుకోవాలి. చర్మం కోస్తే అతుక్కుంటుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. వెన్నుపాము నరాలు తెగితే మాత్రం అట్ల తిరిగి పెరగవు. అందుకే చాలాకాలం డాక్టర్లు కూడా ఈ పేషెంట్ల మీద ఆశ వదిలేసేవాళ్లు. నిజానికి వాళ్లలో చాలామంది చనిపోయింది వెన్ను దెబ్బకు కాదు, పడక పుండ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల. 1944లో ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ ఆ రెండింటి మీదే పట్టుబట్టారు. రెండు గంటలకోసారి పేషెంటును పక్కకు తిప్పడం, మూత్రాశయాన్ని శుభ్రంగా చూసుకోవడం, తొందరగా కూర్చోబెట్టడం, ఆటలు ఆడించడం. పేషెంట్లు బతికారు. 1948లో ఆయన అక్కడ పెట్టిన పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. నరం బాగవకపోయినా మనిషి బాగవచ్చని అక్కడ రుజువైంది.

మేరీ గారికి వెన్ను మీద ఆపరేషన్లు జరిగాయి. నెలల తరబడి మంచంలో ఉండి, చివరికి నిటారుగా కూర్చోగలిగారు. అప్పుడు దారి చూపింది అదే ఆసుపత్రిలో పనిచేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన కుష్ఠు రోగుల చేతుల మీద పరిశోధన చేస్తున్నారు. కుష్ఠులో వేళ్లు వాటంతటవే రాలిపోతాయని అప్పట్లో అందరి నమ్మకం. ఆయన గమనించింది వేరు. ఆ జబ్బు నరాలను దెబ్బతీస్తుంది, స్పర్శ పోతుంది. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు, గాయమైనా తెలియదు. అట్ల రోజూ దెబ్బలు తగిలి తగిలి వేళ్లు పోతాయి. కొన్ని కండరాలు చచ్చుబడి వేళ్లు కొంకర్లు పోతాయి. దానికి ఆయన చేసిన పని మన మెకానికల్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. పనిచేసే కండరం స్నాయువును తీసి, చచ్చుబడిన వేలికి కలపడం. లాగే తాడు అదే, కప్పీ మారుతుంది, అంతే. అయితే కుట్టగానే చేయి పనిచేయదు. ఏ కండరంతో ఏ వేలు కదులుతుందో పేషెంటు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. వారాల తరబడి సాధన చేయాలి.

చేతి సర్జరీని డాక్టర్ కూర్చునే చేస్తారు. ఈ చిన్న విషయమే మేరీ గారి జీవితాన్ని తిప్పింది. ఆమె చక్రాల కుర్చీలో ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లి, బ్రాండ్ దగ్గర పని నేర్చుకుని, కుష్ఠు రోగుల చేతులు సరిచేయడం మొదలుపెట్టారు. ఇక తమ బతుకు ఇంతే అనుకున్న పేషెంట్లకు, తన కాళ్లు కదలని డాక్టర్ ఎదురుగా కూర్చుని తమ చేయి కదిలిస్తుంటే ఎట్లుండేదో ఊహించుకోండి.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్లి, వెన్ను దెబ్బతిన్నవాళ్ల కేంద్రంలో ముందుగా తన శరీరాన్ని తాను సంభాళించుకోవడం నేర్చుకున్నారు. తర్వాత న్యూయార్క్‌లో హోవార్డ్ రస్క్ నడిపే సంస్థలో పునరావాస వైద్యం చదివారు. అమెరికాలో ఉండిపోవాలనుకుంటే ఉండిపోవచ్చు. లిఫ్టులు, చదునైన రోడ్లు, అన్నీ అక్కడ ఉన్నాయి. ఆమె వెల్లూరుకే తిరిగి వచ్చారు. 1963లో అక్కడి పునరావాస విభాగం బాధ్యత తీసుకున్నారు. 1966లో పేషెంట్లు ఉండి నేర్చుకునే కేంద్రం మొదలైంది. దేశంలో అట్లాంటిది అదే మొదటిది. ఇప్పుడు ఆ కేంద్రానికి ఆమె పేరే ఉంది.

అక్కడ నేర్పేవి చూస్తే చిన్న పనుల్లాగే కనిపిస్తాయి. మంచం మీంచి కుర్చీలోకి ఒంటరిగా మారడం. చేతుల మీద బరువు మోపి శరీరాన్ని కాసేపు పైకి లేపడం, లేకుంటే కూర్చున్న చోటే పుండు పడుతుంది. అద్దంతో వీపు, పిరుదులు చూసుకోవడం. టైముకు మూత్రం తీసుకోవడం. చేయగలిగే పని ఒకటి నేర్చుకోవడం. ఇవన్నీ ఇంట్లోవాళ్లకు కూడా నేర్పాలి. ఇంటికి వెళ్లిపోయిన పాత పేషెంట్లను ఏటా మేళాకు పిలిచి పలకరించే ఆనవాయితీ కూడా అక్కడ ఉంది. డిశ్చార్జి కాగితంతో వైద్యం అయిపోలేదన్నమాట.

1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986 డిసెంబర్ 17న కన్నుమూశారు. ప్రమాదం తర్వాత 32 ఏళ్లకు పైగా జీవించారు, అందులో చాలా భాగం పని చేస్తూనే.

ఆమెను గొప్ప ధైర్యవంతురాలని పొగిడి ఊరుకోవడం నాకు నచ్చదు. ధైర్యం మా ఊరి గీత కార్మికుడికీ ఉంది, లేకుంటే రోజూ అంత ఎత్తు ఎక్కడు. ఆమెకు దొరికి అతనికి దొరకనిది వేరే. వెంటనే సరైన నర్సింగ్, నిలబెట్టి నేర్పిన గురువు, లోపలికి కుర్చీ పట్టే గుమ్మం. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో, 2024లో గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆపరేషన్ తర్వాతి ఈ పని కూడా అక్కడ ఒక వార్డుగా పెరగాలని నా కోరిక. రెండు గంటలకోసారి తిప్పమని ఇంట్లోవాళ్లకు మన తెలుగులో నేర్పడానికి పెద్ద మెషిన్లు అక్కర్లేదు.

మన వంతు కూడా ఉంది. చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపుకు మామూలు లెక్క 1:12. అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. మా ఊర్లో అరుగు రెండు అడుగుల ఎత్తుంటే ర్యాంపు 24 అడుగులు కావాలి. ఆ ఇంటి ముందు సందు అంత పొడవు ఉండదు. మలుపు తిప్పాలా, అరుగు కోయాలా, చేత్తో తిప్పే చిన్న లిఫ్టు పెట్టాలా? ఎంత ఖర్చులో అవుతుంది? సివిల్, మెకానికల్ వాళ్లు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారు కదా. కొలతలు తీసుకోవడానికి రండి, మా ఊరికి నేను తీసుకుపోతా.