ఆవిరి ఎటు పోతోంది?

జేమ్స్ వాట్ అనగానే అందరికీ కెటిల్ కథే గుర్తొస్తుంది. పొయ్యి మీద కెటిల్, ఎగిరే మూత, దాన్నే చూస్తూ కూర్చున్న పిల్లాడు, వెంటనే ఆవిరి యంత్రం! స్కూల్లో నేనూ అలాగే చదువుకున్నాను. కానీ ఆవిరి యంత్రాన్ని కనిపెట్టింది వాట్ కాదు. అతను పుట్టకముందే, 1712 నుంచే, థామస్ న్యూకమెన్ యంత్రాలు ఇంగ్లండ్ గనుల్లో నీళ్లు తోడుతున్నాయి. వాట్ చేసింది వేరే పని. ఉన్న యంత్రంలో ఆవిరి ఎటు పోతోందో వెతికాడు. అతని జీవితంలో మంచి వయసంతా ఆ వెతుకులాటకే పోయింది.

వాట్ 1736 జనవరి 19న స్కాట్లండ్‌లోని గ్రీనాక్ అనే రేవు ఊళ్లో పుట్టాడు. చిన్నప్పటి నుంచి ఆరోగ్యం అంతంతమాత్రం, ఎప్పుడూ తలనొప్పి. కొలిచే పరికరాలు తయారుచేసే పని నేర్చుకోవడానికి 1755లో లండన్ వెళ్లాడు. ఏడేళ్లు నేర్వాల్సిన పనిని ఏడాదిలో ముగించుకుని తిరిగొచ్చాడు. గ్లాస్గోలో షాపు పెట్టబోతే, ఏడేళ్లూ పూర్తి చేయలేదని అక్కడి పనివాళ్ల సంఘం ఒప్పుకోలేదు. అప్పుడు యూనివర్సిటీ వాళ్లు 1757లో తమ ఆవరణలోనే ఒక గది ఇచ్చారు.

1763 చలికాలంలో క్లాసులో చూపించే ఒక చిన్న న్యూకమెన్ మోడల్ రిపేరుకి అతని దగ్గరికి వచ్చింది. సిలిండర్ వెడల్పు రెండే అంగుళాలు. వాట్ దాన్ని బాగుచేశాడు, అది నడిచింది కూడా. కానీ నాలుగు సార్లు ఆడి ఆగిపోయేది. బాయిలర్లో ఆవిరి అయిపోయేది.

మనమైతే ముందు ఎక్కడో లీకుంది అనుకుంటాం కదా. చలిదేశాల్లో ఇళ్లకి వేడినీళ్ల పైపులుంటాయి. వాటిలో ప్రెషర్ పడిపోతే ముందు జాయింట్ల దగ్గర తడి ఉందేమోనని చూస్తారు. ఈ మోడల్లో అలాంటి చిల్లేమీ లేదు. అసలు దొంగ సిలిండర్ గోడే! ఆ యంత్రంలో సిలిండర్ నిండా ఆవిరి నింపి, దాని మీద చన్నీళ్లు చల్లితే ఆవిరి నీరైపోయి లోపల శూన్యం ఏర్పడుతుంది. బయటి గాలి పిస్టన్‌ని కిందికి నొక్కుతుంది. అయితే ఆ చన్నీళ్లకి సిలిండర్ కూడా చల్లబడుతుంది. మళ్లీ వచ్చే ఆవిరిలో ఎక్కువ భాగం ఆ చల్లని గోడని వేడి చేయడానికే ఖర్చయిపోతుంది.

వాట్ ఇది ఊహతో చెప్పలేదు, కొలిచాడు. ఇత్తడి బదులు నూనెలో నానబెట్టిన చెక్కతో ఇంకో సిలిండర్ చేసి చూశాడు. ఆవిరిని చన్నీళ్లలోకి పంపి, ఎంత ఆవిరికి ఎన్ని నీళ్లు మరుగుతాయో లెక్కగట్టాడు. కొద్దిపాటి ఆవిరి తన బరువుకి ఆరు రెట్ల నీళ్లని మరిగించేసరికి ఆశ్చర్యపోయి ప్రొఫెసర్ జోసెఫ్ బ్లాక్‌ని అడిగాడు. గుప్తోష్ణం గురించి అప్పటికే పాఠాలు చెబుతున్న మనిషి ఆయన. (మన ఫిజిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్న అది.) 1765లో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుండగా దారి దొరికింది. ఆవిరిని చల్లబరిచేది సిలిండర్లో కాదు, పక్కనే వేరే పాత్రలో. సిలిండర్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ అసలు కష్టం ఇక్కడే మొదలైంది, ఎందుకంటే ఈసారి నిజంగానే లీకు. న్యూకమెన్ పిస్టన్ పైన కొంచెం నీళ్లు పోసి సందులు మూసేవాడు. వాట్ అలా చేస్తే సిలిండర్ మళ్లీ చల్లబడుతుంది. అప్పట్లో గుండ్రంగా, నున్నగా సిలిండర్ చేసేవాళ్లు లేరు. సందుల్లోంచి ఆవిరి జారిపోయేది. కుక్కర్ గాస్కెట్ వదులైతే మంట ఎంత పెంచినా విజిల్ రాదు కదా, అదే బాధ. బెండు, నూనె గుడ్డలు, కాగితం, పాత టోపీలు, చివరికి గుర్రపు పేడ కూడా పిస్టన్ చుట్టూ కూరి చూశాడు. ఏదీ నిలవలేదు.

1769లో పేటెంట్ వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. ఇల్లు గడవడానికి కాలువల సర్వే పనికి వెళ్లేవాడు. 1773లో పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. అదే ఏడాది వాట్ కొండప్రాంతంలో సర్వేలో ఉండగా భార్య మార్గరెట్‌కి కాన్పు కష్టమైంది. అతను ఇల్లు చేరేలోపే ఆమె చనిపోయింది. ఈ భాగం చదివాక కెటిల్ కథ మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

1774లో బర్మింగ్‌హామ్ వెళ్లి మాథ్యూ బౌల్టన్‌తో కలిశాడు. లీకుని ఆపింది మాత్రం జాన్ విల్కిన్సన్. ఫిరంగి గొట్టాలు తొలిచే ఆయన కొత్త యంత్రంతో తీసిన యాభై అంగుళాల సిలిండర్లో తేడా ఒక నాణెం మందం కూడా లేదట. 1776లో మొదటి పెద్ద యంత్రాలు ఆడాయి. ఆదా అయిన బొగ్గు ఖరీదులో మూడో వంతు ఫీజుగా తీసుకునేవారు. ఆదా ఎంతో ఎప్పుడూ గొడవే అనుకోండి.

1784 చలికాలంలో వాట్ తన గదిని ఆవిరితో వేడి చేసుకోవాలని చూశాడు. కింది గదిలో బాయిలర్, పైన అంగుళం మందం ఉన్న పలచని రేకు పెట్టె. నీరైన ఆవిరి అదే పైపులో వెనక్కి దిగిపోతుంది. లోపల చిక్కిన గాలిని వదలడానికి పెట్టెకి ఒక చిన్న కుళాయి. ఇప్పటి రేడియేటర్లకీ ఆ కుళాయి ఉంటుంది. కానీ గది అనుకున్నంత వేడెక్కలేదు. బహుశా రేకు మెరుపు వల్ల కావచ్చు. ఫ్లాస్క్ లోపలి మెరుపులాగే అది వేడిని బయటికి రానివ్వదు.

తర్వాత సిలిండర్ లోపలి ప్రెషర్ చూపే మీటరు కూడా చేశాడు. 1796లో అతని సహాయకుడు జాన్ సదర్న్ దానికి పెన్సిల్, కదిలే కాగితం అమర్చాడు. పిస్టన్ కదులుతుంటే ప్రెషర్ గీత అదే గీసుకుంటుంది. వాల్వు ఎప్పుడు తెరుచుకుంది, ఆవిరి ఎక్కడ తగ్గింది, అన్నీ ఆ గీతలో తెలిసేవి. మా భాషలో లాగ్ ఫైల్ అన్నమాట. దాన్ని చాలా ఏళ్లు బయటివాళ్లకి తెలియనివ్వలేదు.

అతను 1819 ఆగస్టు 25న చనిపోయాడు. మేడ మీద అతని పని గదిని దాదాపు అలాగే ఉంచి, 1924లో సామానంతటితో లండన్ సైన్స్ మ్యూజియానికి తరలించారు.