ఎల్లలెరుగని కరుణ – ఎగ్లంటైన్ జెబ్

యుద్ధం ముగిసినంత మాత్రాన వైరం ముగియదు. ఓడిన దేశపు ప్రజలు గెలిచిన దేశాల దృష్టిలో చాలాకాలం శత్రువులుగానే మిగిలిపోతారు. ఆ ప్రజలలో పాలు తాగే పసిబిడ్డలు కూడా ఉంటారన్న సంగతిని రాజనీతి తరచు విస్మరిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఆ సంగతిని లోకానికి గుర్తు చేసి, ప్రభుత్వాలు చేయనొల్లని పనిని ప్రజల చేత చేయించిన మహనీయురాలు ఎగ్లంటైన్ జెబ్.

ఆమె 1876 ఆగస్టు 25న ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, ఎల్స్‌మియర్‌లో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర అభ్యసించింది. అనంతరం మార్ల్‌బరో పట్టణంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసింది. ఆ వృత్తి ఆమె స్వభావానికి సరిపడలేదు, ఆరోగ్యమూ సహకరించలేదు. పిదప కేంబ్రిడ్జ్‌లో స్థిరపడి, అక్కడి పేదల స్థితిగతులను పరిశీలించి 1906లో ఒక గ్రంథం ప్రచురించింది. దానం చేయడానికి దయ ఒక్కటే చాలదు, శాస్త్రీయమైన పరిశీలన కూడా అవసరమన్న దృష్టి ఆమెకు ఆనాడే అలవడింది. 1913లో బాల్కన్ యుద్ధ బాధితులకు సహాయం అందించడానికి మాసిడోనియా వెళ్ళి, నిర్వాసితుల దైన్యాన్ని కళ్ళారా చూసింది.

1914లో మహాయుద్ధం ఆరంభమైంది. ఆమె సోదరి డొరతీ బక్స్‌టన్ శత్రుదేశాల పత్రికలను ప్రత్యేకానుమతితో తెప్పించి, అందలి వార్తలను కేంబ్రిడ్జ్ మ్యాగజైన్‌లో ప్రకటించేది. ఆ అనువాద కార్యంలో ఎగ్లంటైన్ కూడా పాలుపంచుకుంది. 1918 నవంబరు 11న పోరాటం ఆగింది గాని, మిత్రరాజ్యాలు విధించిన నౌకా దిగ్బంధం ఆగలేదు. జర్మనీ, ఆస్ట్రియాలలో పాలు, రొట్టె కరవై పిల్లలు శుష్కించిపోతున్నారు. సంధి షరతులకు శత్రువును తలొగ్గించడానికి ఆకలి ఒక ఆయుధమైంది.

ఈ అమానుషాన్ని సోదరీమణులు సహించలేకపోయారు. 1919 వసంతంలో ఎగ్లంటైన్ లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, ఎముకల గూడుగా మారిన ఆస్ట్రియా బిడ్డ చిత్రం గల కరపత్రాలను పంచింది. యుద్ధకాలపు నిబంధనల ప్రకారం అనుమతి లేని కరపత్రాలు పంచడం నేరం. పోలీసులు ఆమెను నిర్బంధించారు. న్యాయస్థానంలో ఆమె తన పక్షాన తానే వాదించుకుంది. తాను కోరింది రాజకీయం కాదు, పిల్లలకు అన్నమని నివేదించింది. చట్టం ఆమెకు 5 పౌండ్ల జరిమానా విధించింది. విశేషమేమంటే, ఆమెకు ప్రతికూలంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదే ఆ 5 పౌండ్లను తన జేబు నుండి తీసి ఆమె చేతిలో ఉంచాడు. చట్టం ఓడించిన వాదన మనస్సాక్షిని గెలుచుకున్నది.

1919 మే 19న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగిన బహిరంగ సభలో ‘సేవ్ ది చిల్డ్రన్ ఫండ్’ ఆవిర్భవించింది. శత్రువుల బిడ్డలను పోషించడం దేశద్రోహమని నిందించినవారికి కొదవ లేదు. అయినా గని కార్మికులు తమ కష్టార్జితం నుండి విరాళాలిచ్చారు. బెర్నార్డ్ షా వంటి రచయితలు అండగా నిలిచారు. ఆమె ఆంగ్లికన్ మతస్థురాలైనా, పోప్ పదిహేనవ బెనెడిక్ట్ సానుభూతితో స్పందించి కాథలిక్ దేవాలయాలన్నింటిలోను బాలల కొరకు విరాళాలు సేకరింపజేశాడు. 1920 జనవరిలో జెనీవాలో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది.

1921లో రష్యాలోని వోల్గా నదీ తీరాన ఘోర క్షామం సంభవించింది. నార్వే దేశీయుడైన నాన్సెన్ నానాజాతి సమితి సభలో ప్రభుత్వాలను సహాయం అర్థించాడు. ఆ సహాయం బోల్షివిక్ పాలనను బలపరుస్తుందన్న శంకతో అవి ముఖం చాటుచేశాయి. ప్రభుత్వాలు తప్పుకున్న చోట ప్రజాసంస్థలు ముందుకు వచ్చాయి. ఎగ్లంటైన్ సంస్థ పత్రికలలో పూర్తి పుట ప్రకటనలు వేయించింది. క్షామదృశ్యాలను చలనచిత్రంగా తీయించి ప్రదర్శించింది. సేవాకార్యానికి ఈ ఆర్భాటమేమిటని కొందరు ఆక్షేపించారు. స్వదేశంలో నిరుద్యోగులుండగా పరాయివారికి పెట్టడమేమిటని ఒక పత్రిక దుయ్యబట్టింది. ఆమె చలించలేదు. సరాటోవ్ ప్రాంతంలో సంస్థ నెలకొల్పిన వంటశాలలు దాదాపు 3 లక్షల మంది బాలలకు ప్రతిదినం అన్నం పెట్టాయి.

అయితే దాత దయపై ఆధారపడిన అన్నం ఎంతకాలం? అన్నం బాలల హక్కు కావాలని ఆమె భావించింది. 1923లో బాలల హక్కుల ప్రకటనను ఐదు సూత్రాలుగా రూపొందించింది. ఆకలిగొన్న బిడ్డకు ఆహారం, రోగికి చికిత్స, అనాథకు ఆశ్రయం లభించాలని, ఆపదలో తొలి సహాయం బాలలకే అందాలని, వారి శ్రమను ఎవరూ దోచుకోరాదని అది బోధించింది. 1924లో నానాజాతి సమితి దానిని ఆమోదించింది. ఒకనాడు కరపత్రం పంచి శిక్ష పొందిన స్త్రీ రచనను ఐదేళ్ళకే ప్రభుత్వాలు తమ ప్రకటనగా స్వీకరించాయి.

అవిశ్రాంత శ్రమ ఆమె దేహాన్ని కృశింపజేసింది. 1928 డిసెంబరు 17న, 52 ఏళ్ళ వయస్సులో జెనీవాలో ఆమె పరమపదించింది. నానాజాతి సమితి అంతరించింది గాని ఆమె భావన అంతరించలేదు. ఐక్యరాజ్యసమితి 1959లో బాలల హక్కుల ప్రకటనను, 1989లో బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992లో భారతదేశం ఆ ఒడంబడికను అంగీకరించింది.

దేశాల మధ్య మైత్రి పాలకుల ఒప్పందాలపై మాత్రమే నిలవదు. పాలకులు చేయి విడిచిన వేళ దానిని పట్టుకొని నిలిపేవారు సామాన్య ప్రజలే. పొరుగువాని బిడ్డను తన బిడ్డగా తలచడం సుజనుని లక్షణం. శత్రువు బిడ్డను సైతం అట్లే తలచడం మహాత్ముల లక్షణం. ఎగ్లంటైన్ జెబ్ జీవితం అందుకు నిదర్శనం.