మూగజీవుల పక్షమున రుక్మిణీదేవి

నాట్యకళకు గౌరవము తెచ్చిన శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ గారు 1904వ సంవత్సరమున మధురలో జన్మించిరి. 1936లో మదరాసున కళాక్షేత్రమును స్థాపించిరి. 1952లో రాజ్యసభ సభ్యురాలైన పిమ్మట నోరులేని జీవుల కొఱకు వాదించిరి. జంతుహింసా నివారణమునకై మరుసటియేట తామే ఒక బిల్లును ప్రవేశపెట్టిరి. ప్రభుత్వమే శాసనము తెచ్చునని ప్రధాని నెహ్రూ గారు మాట యీయగా, దానిని ఉపసంహరించుకొనిరి. బిల్లు తమ పేర నిలువలేదు, కార్యము నిలిచెను. 1960లో శాసనము వెలువడెను. ఎద్దులకు మోయరాని బరువు కట్టుట, మేత నీరు లేక మాడ్చుట, పశువును అకారణముగా వీధిపాలు చేయుట నేరములయ్యెను.

అయితే శాసనము దెబ్బను ఆపగలదు గాని గడ్డి వేయలేదు. కావున 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ప్రభుత్వపు గ్రాంటులతోపాటు చందాలు, విరాళములు, వీలునామా దానములు స్వీకరించు హక్కు ఈయబడెను. ముసలి పశువుల శాలలకు, మృగపక్షుల శరణాలయములకు ధనసహాయము చేయుట దాని విధులలో నొకటి. రుక్మిణీదేవి గారే దానికి ప్రథమాధ్యక్షురాలు. వారు 1986లో పరమపదించిరి.

గోదావరి కాలువగట్లపై ఏండ్ల తరబడి ధాన్యపుబండి లాగిన ఎద్దునకు కాడి దించిన పిదపను గ్రాసము కావలెను. అందులకు చందా వ్రాయు చేతులున్ననే వారి శ్రమ సార్థకము.